గాలి లోపలిదా, బయటిదా

నెల్లూరులో స్వెట్టర్లు అమ్మడానికి చాలా ధైర్యం కావాలి. మాకు చలికాలం అంటూ ఉండదు. తుపానులు అయిపోయాక నాలుగు రోజులు పొద్దున్నే మంచు పడుతుంది, సంక్రాంతి పోగానే మళ్ళీ ఫ్యాన్లు. అయినా ప్రతి ఏడూ అక్టోబరు, నవంబరుకల్లా టిబెటన్లు దిగుతారు, రోడ్డు పక్కన టార్పాలిన్ పట్టలు కట్టి మంకీ క్యాపులూ శాలువాలూ వేలాడదీసి కూచుంటారు. చిన్నప్పుడు వాళ్ళని నేపాలోళ్ళు అనేవాళ్ళం. ఇప్పటికీ చాలామంది అంతే అంటారు, వాళ్ళకీ సరిదిద్దీ సరిదిద్దీ విసుగొచ్చి ఊరుకున్నట్టున్నారు.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం వాన పట్టుకుంటే బండి పక్కన పెట్టి వాళ్ళ పట్ట కిందికి దూరాను. ఆ అంగడామెను పదేళ్ళ నుంచీ ఎరుగుదును, మా పిల్లల స్వెట్టర్లన్నీ అక్కడే. వాళ్ళది బైలకుప్పె, మైసూరు దాటాక కూర్గు దారిలో ఉంటుంది. ఎప్పుడూ ఆమె, భర్త ఇద్దరూ వచ్చేవాళ్ళు, ఈసారి ఒక్కతే ఉంది. "ఏమక్కా, అన్న రాలేదా?" అన్నా. "ఆయనకి లుంగ్ ఎక్కువైంది అన్నా, ఇంట్లో ఉన్నాడు" అంది, సగం తెలుగు, సగం హిందీ. నాకు లంగ్స్ అని వినబడింది. సిగరెట్లు తాగేవాడు కదా, అయ్యో అనుకుని ఎక్స్‌రే తీయించారా అని అడిగాను. ఆమె నవ్వింది. అరచెయ్యి తెరిచి ఛాతీ మధ్యలో పెట్టుకుని, "ఇక్కడ. నిద్ర రాదు. ఊరికే ఏడుపు, ఊరికే కోపం. లుంగ్ అంటే గాలి" అంది.

పక్క అంగడి కుర్రాడు సెల్లులోంచి తలెత్తకుండానే "మా అమ్మక్కూడా ఉంది" అన్నాడు. అంతే. షుగరుందనో, మోకాళ్ళ నొప్పులనో చెప్పినట్టు చెప్పేశారు ఇద్దరూ, చెప్పేసి ఎవరికో మఫ్లర్ బేరం చేయడంలో పడిపోయారు. వాన తగ్గినా నేను అక్కడే నిలబడి ఉన్నాను. గాలి అన్న మాట మా ఇంట్లో ఎంత గొంతు తగ్గించి అనేవాళ్ళో నాకు తెలుసు.

95లో నేను తొమ్మిదో తరగతి. అల్లూరు వైపు మా ఊళ్ళో అప్పటికి వరి మళ్ళు సగం రొయ్యల గుంటలైపోయాయి. మా చిన్నత్త వాళ్ళాయన ఆరెకరాలు కౌలుకు తీసుకుని గుంటలు తవ్వించాడు. మొదటి రెండు పంటలకు డబ్బు బాగానే చూశారు, కొత్త టీవీ వచ్చింది, అత్తకి గాజులు వచ్చాయి. మూడో పంటకు వైట్ స్పాట్ వచ్చింది. ఆ ఏళ్ళలో కోస్తాలో ఆ వైరస్ తెలియని ఊరు లేదు. రొయ్యలు గట్టు వారకొచ్చి చచ్చేవి, తెల్లారేసరికి నీళ్ళ అంచున గీత గీసినట్టు ఉండేవి. టీవీ పోయింది, గాజులు పోయాయి, మేత అప్పు మాత్రం మిగిలింది. మామ దిగులుపడే మనిషి కాదు, బాకీలోళ్ళకు మొహం చాటేసి మద్రాసు వెళ్ళిపోయాడు. వాకిట్లోకి వచ్చినవాళ్ళకు జవాబు చెప్పాల్సింది అత్త.

ముందు నిద్ర పోయింది. నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చే మనిషి, మూడింటికి, తర్వాత రెండింటికి ఊడ్చడం మొదలుపెట్టింది. ఊడ్చిన చోటే మళ్ళీ ఊడ్చేది. మాది పక్కిల్లే. రాత్రిపూట ఆ చీపురు చప్పుడు ఒకసారి ఆగి మళ్ళీ మొదలవుతుంటే పడుకున్నవాళ్ళందరం మేలుకునే ఉండేవాళ్ళం, ఒక్కరం మాట్లాడేవాళ్ళం కాదు. పొద్దున పలకరిస్తే "గుండె మీద ఎవురో కూసున్నట్టుండాదిరా అబ్బయ్యా" అనేది. అన్నం ముందు పెట్టుకుని చల్లారిందాకా చూస్తా ఉండేది. కొన్నాళ్ళకు గుంట గట్టు మీద ఒక్కతే నిలబడి మాట్లాడుకోవడం ఎవరో చూశారు, ఇంకేముంది, మిట్టమధ్యాహ్నం గట్టు మీదికి పోయింది, గాలి సోకింది అన్నారు.

భూతవైద్యుడిని తీసుకొచ్చారు. ఎక్కడి నుంచో చెప్పను, ఆయన ఇప్పుడు లేడు. నిమ్మకాయలు, ముగ్గు, ఎండుమిరపకాయల పొగ, వేపమండలు. మండతో కొడుతూ "ఎవురు నువ్వు? యాడినించి వచ్చినావు?" అని అరుస్తాడు. లోపలున్నది పేరు చెప్పాలట. మా అత్త తన పేరే చెప్పింది. నేను ఫలానా వాళ్ళ కూతుర్ని, ఫలానా వాళ్ళ కోడల్ని, నన్ను కొట్టబాకండి అంది. "అది అట్టానే అబద్ధాలు చెప్తుంది" అని ఇంకో రెండు తగిలించాడు. చేతుల మీద ఆ వాతలు తేలడానికి చాలా రోజులు పట్టింది. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను. పద్నాలుగేళ్ళోణ్ణి, చేయగలిగింది ఏమీ లేదని ఎన్నిసార్లు చెప్పుకున్నా ఆ మాట ఇంకా సరిగ్గా అతకలేదు.

ఆ తర్వాత మా జేజి అత్తను ఏ.ఎస్. పేట దర్గాకు తీసుకుపోయి నిద్ర చేయించింది. నెల్లూరు జిల్లాలో ఈ మాటకు అర్థం చెప్పనక్కర్లేదు. మనసు చెదిరినవాళ్ళను హిందువులూ ముస్లిములూ అందరూ అక్కడికే తీసుకుపోతారు. అక్కడ అత్తను ఎవరూ కొట్టలేదు. మూడు గురువారాలు ఉన్నారు. రెండో వారానికి అత్త నిజంగానే నిద్రపోయింది, పగలు కూడా పోయింది. మహిమ అని జేజి అంటుంది, నేను కాదనను. నాకు ఇంకోటి కూడా అనిపిస్తుంది: అక్కడ బాకీలోళ్ళు లేరు. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఎవరో ఒకరిని అలాగే తీసుకొచ్చినవాళ్ళు, కాబట్టి వింతగా చూసేవాళ్ళు లేరు. చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది, బెంగళూరు మానసిక ఆస్పత్రి నిమ్హాన్స్ డాక్టర్లు సరిగ్గా ఇలాంటిదే పరిశీలించి 2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారని. తమిళనాడులో ఒక ఊరి గుడిలో తీవ్రమైన మానసిక జబ్బుతో వచ్చి ఉన్న 31 మందిని చూశారు. వాళ్ళకి మందుల్లేవు, ప్రత్యేకమైన పూజలూ లేవు, గుడి చుట్టూ చిన్నాచితకా పనులు చేసుకుంటూ ఉండటమే. జబ్బు లక్షణాల స్కోరు దాదాపు 20 శాతం తగ్గింది. అదే తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడి కూడా ఉంది మరి. 2001 ఆగస్టు 6న అక్కడ రోగుల్ని ఉంచిన పాక అంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్నందువల్ల 28 మంది కాలిపోయారు. నిద్ర చేయించడం వేరు, కట్టి పడేయడం వేరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది.

ఇంటికొచ్చాక నెలకు మళ్ళీ చీపురు చప్పుడు. అప్పుడు నెల్లూరు తీసుకుపోయారు, "నరాల డాక్టర్" దగ్గరికి. బోర్డు మీద ఏం రాసున్నా సరే, మా వైపు సైకియాట్రిస్టును అలాగే అంటాం, పిచ్చి డాక్టర్ అనలేక. ఆయన రెండు నిమిషాలు చూసి మూడు రకాల మాత్రలు రాశాడు. జబ్బేంటి సార్ అని నాన్న అడిగితే "నరాల బలహీనత" అన్నాడు. ఆ ఒక్క మాటతో అప్పటికి పరువు నిలిచింది, కానీ అత్తకు ఏమైందో ఎవరికీ తెలియలేదు. నోరు పిడచకట్టుకుపోతుందని అత్త గొణిగేది. మూడు నాలుగు వారాలకు తేడా తెలిసింది, అన్నం తినడం, జడ వేసుకోవడం మొదలైంది. ఈలోపు చుట్టాల్లో ఎవరో ఆ స్ట్రిప్ చూసి, ఇవి పిచ్చి మాత్రలు కదా అన్నారు. ఆ రాత్రే పెంటకుప్పలో పడేసింది. ఆ తర్వాత పదేళ్ళు అదే తంతు, వేసుకోవడం, మానేయడం.

ఇప్పుడు బైలకుప్పె సంగతి. పోయిన మార్చిలో కూర్గు పోతూ అక్కడ ఆగాం. 1961లో అప్పటి మైసూరు రాష్ట్రం ఇచ్చిన భూముల్లో వెలసిన టిబెటన్ శరణార్థుల సెటిల్‌మెంట్ అది. మనం గుడి చూసి, మోమోలు తిని, ఫొటోలు దిగి వచ్చేస్తాం గానీ అక్కడ చుట్టూ మొక్కజొన్న చేలు, మామూలు రైతుల ఊళ్ళు. స్వెట్టర్లక్క ఇంటికి వెళ్ళాం. ఆమె భర్త వరండాలో ఎండలో కూచుని జపమాల తిప్పుకుంటున్నాడు, బాగానే ఉన్నాడు, నన్ను గుర్తుపట్టి నెల్లూరు దోమల్ని తలుచుకున్నాడు. మాటల్లో నాకూ నిద్ర సరిగా ఉండదని చెప్పాను. నాది మెడికల్ కోడింగ్ ఉద్యోగం, అమెరికా ఆస్పత్రుల ఫైళ్ళు చూసి ఇన్సూరెన్సు వాళ్ళకు జబ్బుల కోడ్లు వేయడం, అంతా రాత్రి పని. "పదండి, మా ఆమ్చికి చూపిస్తా" అని లేచాడు. ఆమ్చి అంటే వాళ్ళ వైద్యులు.

తెల్లకోటు వేసుకున్న కుర్ర డాక్టరమ్మ. రెండు చేతుల మణికట్ల మీదా మూడేసి వేళ్ళు పెట్టి కళ్ళు సగం మూసుకుంది, కాసేపు గట్టిగా నొక్కింది, కాసేపు వదులుగా పట్టుకుంది. గాలి ఎక్కువైన నాడి పైకి తేలుతూ ఉంటుందట, నొక్కితే ఖాళీగా ఉంటుందట. తర్వాత తెల్ల గిన్నెలో మూత్రం తెమ్మంది. సన్నని పుల్లలతో మజ్జిగ చిలికినట్టు చిలికి వెలుగు వైపు తిప్పి నురగ చూసింది. నీళ్ళలా పల్చగా, పెద్ద పెద్ద బుడగలు. "లుంగ్" అంది. మా ఆవిడ పక్కన నవ్వు ఆపుకోలేక బయటికి పోయింది.

కానీ ఆ తర్వాత అడిగిన ప్రశ్నలు ఉన్నాయే. ఖాళీ కడుపు మీద కాఫీ ఎన్నిసార్లు తాగుతారు? ఆకలితో ఎక్కువసేపు మాట్లాడతారా? ఫ్యానో ఏసీనో ఒంటి మీదికి నేరుగా కొడుతుందా? దేని గురించైనా తెగ ఆలోచిస్తున్నారా? ఈ మధ్య ఎవరైనా పోయారా, బాగా ఏడ్చారా? ఈ కారణాలన్నీ వాళ్ళ మూలగ్రంథంలోనే ఉన్నాయట. దాని పేరు గ్యుషి, నాలుగు తంత్రాలని అర్థం, 12వ శతాబ్దానికి చెందిన యుతోక్ యోంతెన్ గోన్పో పేరు మీద నడుస్తోంది, 156 అధ్యాయాలు. అందులో శరీరాన్ని నడిపేవి మూడు, లుంగ్, త్రిపా, బేకెన్. మన వాతం, పిత్తం, కఫం అని చదువుకోవచ్చు. లుంగ్ పుట్టేది కోరికలోంచి, త్రిపా ద్వేషంలోంచి, బేకెన్ మోహంలోంచి. ఒంటికీ బుద్ధికీ మధ్య గోడ కట్టలేదు వాళ్ళు. మనసు గుండెలో ఉంటుంది, గాలి దానికి గుర్రం, గుర్రం బెదిరితే రౌతు ఏం చేస్తాడు. గుండెల్లో ప్రాణం నిలిపే నాడిలోకి ఆ గాలి చొరబడితే సోక్‌లుంగ్. ఛాతీ బిగుసుకుపోవడం, నిద్ర లేకపోవడం, ఒళ్ళు వణకడం, ఊరికే కన్నీళ్ళు, ముదిరితే మతి తప్పడం. ధ్యానం మరీ మొండిగా చేసే సన్యాసులకు కూడా వస్తుందట. జపం చేసుకునేవాళ్ళకు వచ్చినప్పుడు బాకీలు తీర్చలేని మా అత్తకు రావడంలో వింతేముంది.

నాకు చెప్పిన మందు వింటే మా జేజి చెప్పినట్టే ఉంది. వేడివేడిగా, నూనె నెయ్యి తగిలేలా తినండి, వెల్లుల్లి వేయండి, ఎముకల రసం తాగండి (పాయా అన్నమాట, ఆదివారం నెల్లూరులో దొరకనిదా), మాడుకీ అరికాళ్ళకీ నువ్వులనూనె రాయించుకోండి, చీకటి పడ్డాక ఒంటరిగా కూచోకండి, మీకు ఇష్టమైన వాళ్ళతో తియ్యగా మాట్లాడుకోండి. ఈ చివరిది కూడా మందులో భాగంగానే చెప్పింది, మొహమాటంగా నవ్వుతూ కాదు. జాజికాయా సోపులాంటి గింజలూ బట్టలో మూటగట్టి వేడి నూనెలో ముంచి మాడు మీదా, మెడ వెనక, రొమ్ము మధ్యలో కాపడం పెట్టడం ఇంకొకటి. అగర్ 35 అని గోలీలు ఇచ్చింది, అగరు చెక్కతో కలిపి 35 దినుసులు. నమిలి వేణ్ణీళ్ళు తాగాలి. రుచి గురించి అడగొద్దు.

అత్త కథ మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని, అది మొదట్లో లుంగే అంది. తర్వాత ఇంకో మాట అంది: ఎవరివో గొంతులు వినబడుతున్నాయన్నా, చచ్చిపోతానన్నా ముందు నా దగ్గరికి తేకండి, ఆస్పత్రికి తీసుకుపోండి, నిలబడ్డాక నేను చూస్తాను. ఆమె మీద గౌరవం నాకు అక్కడ కలిగింది.

ఇదంతా చదివి టిబెటన్ల దగ్గర అంతా పూలబాటే అనుకోవద్దు. అదే గ్యుషిలో, మూడో తంత్రంలో 77 నుంచి 81 వరకు ఐదు అధ్యాయాలు పూర్తిగా దయ్యాలవీ గ్రహాలవీ. ఒకటి పిచ్చి పుట్టించే వాటి గురించి, ఇంకొకటి రాహువు లాంటి గ్రహాలు కొడితే వచ్చే పక్షవాతం, మూర్ఛల గురించి, చివరిది నాగుల గురించి. మొత్తం 404 జబ్బుల్లో 101 వీటి ఖాతాలోనే వేశారు. దానికి హోమాలు, మంత్రాలు, లామాలు. ఇది మనకు కొత్తేం కాదు. వాగ్భటుడి అష్టాంగహృదయంలో భూతాల మీదా ఉన్మాదం మీదా అధ్యాయాలున్నాయి, ఆ పుస్తకం 11వ శతాబ్దంలోనే టిబెటన్‌లోకి వెళ్ళింది. గ్యుషికి అందులోంచి చాలా వచ్చింది. అంటే మా ఊరి వేపమండలాయనకీ వాళ్ళకీ ఎక్కడో ఒక తాత ఉన్నాడు. ఇంకో సంగతి, వాళ్ళ ఖరీదైన రత్న మాత్రలు కొన్నింటిలో శుద్ధి చేసిన పాదరసం వేస్తారు. శుద్ధి గొప్పదే కావచ్చు, నేను మాత్రం నోట్లో వేసుకోను. సోవా రిగ్పా పేరుతో ఆ వైద్యాన్ని మన ప్రభుత్వం 2010లో గుర్తించింది, దాంతో అన్ని గోలీలూ మంచివైపోవు.

నా రోజువారీ బతుకు ఇంకో వైపు పుస్తకంతో, పశ్చిమం వాళ్ళు జబ్బులకు కోడ్లు ఇచ్చిన పుస్తకం. అందులో మనసు జబ్బులన్నీ ఎఫ్ అక్షరం కింద ఉంటాయి. ఎఫ్ 32 డిప్రెషన్, ఎఫ్ 41.1 ఎప్పుడూ ఉండే ఆందోళన, ఎఫ్ 20 స్కిజోఫ్రెనియా. అమెరికన్ల లెక్కలో డిప్రెషన్ అనాలంటే తొమ్మిది లక్షణాల్లో కనీసం ఐదు, రెండు వారాలపాటు ఉండాలి, వాటిలో దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో ఒకటి తప్పనిసరి. మా అత్తకి ఐదు దాటే ఉన్నాయి, ఇప్పుడు లెక్కేస్తే. రొయ్యల గుంట సంగతి ఆ తొమ్మిదిలో ఎక్కడా రాదు. డబ్బు కష్టాలకు వేరే కోడ్ ఉంది, జెడ్ 59, నా ముందుకొచ్చిన ఫైళ్ళలో దాన్ని రాసిన డాక్టర్లు తక్కువ. లుంగ్‌కి కోడ్ లేదు, వెతికాను.

ఆ పశ్చిమం వాళ్ళు కూడా వందల ఏళ్ళు మన దారిలోనే నడిచారు. మెలాంకలీ అన్న మాటకు అర్థమే నల్ల పిత్తం. 1949 చూడండి, అదే ఏడాది ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే డాక్టర్ ఉన్మాదానికి లిథియం పనిచేస్తుందని రాశాడు, అదే ఏడాది మెదడు నరాలు కోసే ఆపరేషన్ కనిపెట్టినందుకు ఈగాస్ మోనిజ్‌కు నోబెల్ ఇచ్చారు. 1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ అనే మందు వాడాక ఆస్పత్రుల్లో ఏళ్ళ తరబడి మూలన కూచున్న మనుషులు లేచి మాట్లాడారు. మన సర్పగంధి కథ కూడా అప్పటిదే. బీహార్‌లో పాగల్ కీ దవా అని వాడే ఆ వేరు మీద కలకత్తాలో సేన్, బోస్ అనే డాక్టర్లు 1931లోనే రాశారు, బయటి దేశాల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. స్విట్జర్లాండ్ కంపెనీ 1952లో దాన్నుంచి రెసర్పిన్ అనే మందు తీశాక లోకమంతా వాడింది. మా అత్తను చివరికి నిలబెట్టింది కూడా మాత్రలే. ఇది ఎవరితోనైనా వాదిస్తాను.

నా గొడవ మాటతో. అత్తకు మనం మూడు మాటలు ఇచ్చాం. గాలి సోకిందన్నాం, అది బయటి నుంచి వచ్చింది, కొట్టి వెళ్ళగొట్టాలి. పిచ్చి అన్నాం, అంటే ఇక మనిషే కాదు, ఇంట్లో ఆడపిల్లకు పెళ్ళి కాదు. నరాల బలహీనత అన్నాం, అది అబద్ధం. నాకు నిద్ర పట్టడం లేదు, బతకబుద్ధి కావడం లేదు అని పక్కింటావిడకు చెప్పుకోవడానికి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. స్వెట్టర్లక్క భర్తకు ఉంది. ఆయన లుంగ్ అంటాడు, విన్నవాళ్ళు పాయా చేసి పంపిస్తారు, పెళ్ళాం ఒక్కతే నెల్లూరొచ్చి అంగడి నడుపుతుంది. జబ్బు ముదరకముందే పదిమందికీ తెలుస్తుంది. ఈ మధ్య మన పిల్లలు "టెన్షన్‌గా ఉంది, డిప్రెషన్‌లో ఉన్నా" అని తేలిగ్గా అనేస్తుంటే పెద్దాళ్ళు ఎగతాళి చేస్తారు గానీ నాకు అదే నయమనిపిస్తుంది. మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన 14416కి ఫోన్ చేసినప్పుడు మొదట నోట్లోంచి ఏదో ఒక మాట రావాలి కదా.

ఏ పుస్తకంలోనూ ఇమడనివాళ్ళు కూడా ఉంటారులెండి. మన నెల్లూరు అవధూత గొలగమూడి వెంకయ్యస్వామిని మొదట్లో జనం పిచ్చి వెంకయ్య అనేవాళ్ళని భక్తులే చెప్తారు. టిబెటన్లకూ అలాంటి వాళ్ళున్నారు, న్యోన్పా అంటారు, పిచ్చివాడని అర్థం, ద్రుక్పా కున్లే అనే యోగి లాంటి వాళ్ళని అదే పేరుతో మొక్కుతారు. నేనైతే అక్కడ కోడ్ వేయను.

అత్తకు ఇప్పుడు డెబ్బై దాటాయి. మాత్రలు మానకుండా వేసుకోబట్టి పదిహేనేళ్ళు. కొత్త డాక్టరమ్మ కూచోబెట్టి జబ్బు పేరు చెప్పి, ఎందుకు వస్తుందో, మాత్ర ఏం చేస్తుందో, మానేస్తే ఏమవుతుందో అరగంట చెప్పింది, అప్పటి నుంచి. స్ట్రిప్పులన్నీ దర్గా తాయెత్తుతో కలిపి పాత హార్లిక్స్ సీసాలో పెట్టుకుంటుంది. మొన్న ఆదివారం వెళ్ళినప్పుడు బైలకుప్పె కథంతా చెప్పాను, మూత్రం చిలకడం దగ్గర బాగా నవ్వింది.

"అయితే వాళ్ళకీ గాలేనా?" అంది.

"గాలే అత్తా, కాకపోతే లోపలుండేది. అందరికీ ఉంటుందంట, ఒక్కోసారి ఎక్కువవుతుందంట."

చాలాసేపు చింతపండు పిక్కలు తీస్తా కూచుంది. తర్వాత తలెత్తకుండానే, "లోపలిదైతే మరి, వేపమండలతో కొడితే యాడికి పోద్దిరా?" అంది.

నేనేం మాట్లాడలేదు. పిక్కలన్నీ చాటలోంచి ఒక పక్కకు తోసి, "మాత్రలు అయిపోవచ్చినయి, శనివారానికి తెచ్చిపెట్టు. ఆ స్వెట్టర్లామె ఈ ఏడు వస్తే నాకొక శాలువా తీసుకో, ముదురు రంగుది" అంది.